దాణాలో కొత్త సరుకు కలిపే ముందు: నాటు కోళ్ల షెడ్డులోనే చేసుకునే పరీక్ష

అజొల్లా అంటే నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న ఫెర్న్ మొక్క, దాణా బదులు వేయమని వీడియోల్లో చెబుతుంటారు. కిలో పచ్చి అజొల్లాలో 93 నుంచి 95 శాతం నీళ్లే. పూర్తిగా ఎండబెడితే మిగిలేది 60 గ్రాములు, కాస్త అటూ ఇటూ. ఎండిన అజొల్లాలో మాంసకృత్తులు 20 నుంచి 25 శాతం ఉంటాయి కాబట్టి ఆ 60 గ్రాముల్లో వచ్చేది 13 గ్రాములు అనుకుందాం. అవే 13 గ్రాములు 28 గ్రాముల సోయా చెక్కలో దొరుకుతాయి. బుట్టెడు పచ్చదనం, గుప్పెడు సోయా: రెండూ ఒకటే.

"అజొల్లా వేశాక దాణా ఖర్చు సగానికి పడిపోయింది" అని వీడియోలో చెప్పేవాళ్లందరూ అబద్ధాలాడుతున్నారని నేననను. వాళ్ల కోళ్లు పెరట్లో తిరిగి పురుగులు, రాలిన గింజలు ఏరుకుని ఉంటాయి. ఆ నెల ఎండ తగ్గి ఉంటుంది. లేదా పిల్లలే మంచి బ్యాచ్ అయి ఉంటాయి. అజొల్లా వేయని కోళ్లను పక్కన పెట్టి తూచి ఉంటే తేలిపోయేది, ఆ పని మాత్రం ఎవరూ చేయలేదు. అజొల్లా చెడ్డదని కాదు, పచ్చసొన రంగు బాగా తెస్తుంది, నేనూ ఓ మడి పెంచుతున్నాను. కానీ సోయాని తీసేసి దాన్ని నమ్ముకుంటే కోళ్లు ఎండిపోతాయి.

యాభై నుంచి ఐదొందల దాకా వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ, అసీల్ లాంటివి పెంచుతూ, దాణా సొంతంగా కలుపుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణకి ఒక్క సరుకునే మొదటి నుంచి చివరి దాకా పట్టుకెళ్తాను: రైస్ డీడీజీఎస్. ఇథనాల్ ఫ్యాక్టరీల్లో నూకల్లోని పిండి పులిసి ఆల్కహాల్‌గా మారాక మిగిలే గసిని ఎండబెడితే వచ్చే పొడి ఇది. సోయా ధర పెరిగినప్పుడల్లా అందరి చూపూ దీని మీదే పడుతుంది. బాతులకీ, కౌజులకీ, కుందేళ్లకీ తూకం పద్ధతి ఇదే. ఏది ఎంత పెట్టొచ్చన్న మోతాదులే మారతాయి.

దేని బదులు?

కొత్త సరుకు ఎదురుపడగానే "ఇది మంచిదేనా?" అని అడుగుతాం. దాని కంటే "ఇది దేని బదులు?" అని అడిగితే సగం పని అయిపోతుంది. నూకలు, సజ్జలు, జొన్నలు మొక్కజొన్న బదులు వచ్చేవి, అంటే శక్తి కోసం. వేరుశనగ చెక్క, నువ్వుల చెక్క, డీడీజీఎస్, ఎండు చేపలు, పట్టు రీలింగ్ దగ్గర మిగిలే ప్యూపా, బీఎస్ఎఫ్ (బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ) పురుగు, ఇవి సోయా బదులు. మునగాకు, అజొల్లా, సుబాబుల్ ఆకులు రెండింటికీ సరిపోవు. అవి రంగుకీ విటమిన్లకీ. కూరలో కరివేపాకులాంటివి, వాటితో కడుపు నింపలేం.

తర్వాత దొరకడం సంగతి చూడండి. మిర్యాలగూడ పక్కన ఉన్నవాడికి నూకలు, తౌడు ఏడాదంతా దొరుకుతాయి. హిందూపురం వైపు ఉన్నవాడికి పట్టు ప్యూపా అందుబాటులో ఉంటుంది. ఆదిలాబాద్‌లో ఉన్నవాడు ప్యూపా కోసం లారీ మాట్లాడుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధరకి రవాణా, హమాలీ, ఆరబెట్టే ఖర్చు, తూకంలో పోయే తేమ కలిపి, ఇంటికొచ్చాక కిలో ఎంత పడిందో రాసుకోండి. కనీసం ఆరు నెలలు దొరకని సరుకు మీద పరీక్ష చేయడం శ్రమ దండగ.

పరీక్ష కూడా అక్కర్లేకుండా పక్కన పెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆముదం చెక్కలో రైసిన్ అనే విషం ఉంటుంది, అది ఎరువుకే. కానుగ చెక్కా అంతే. పచ్చి సోయా గింజలు వేయించకుండా, ఉడికించకుండా పెడితే మాంసకృత్తులు అరగవు. కర్రపెండలం తొక్కల్లో సైనైడ్ ఉంటుంది. పత్తి చెక్కలోని గాసిపాల్ గుడ్ల సొనను ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మార్చేస్తుంది కాబట్టి గుడ్లు పెట్టే కోళ్లకి వద్దు. సుబాబుల్‌లో మిమోసిన్ ఉంటుంది, ఐదు శాతం దాటనివ్వకండి. హోటల్ మిగులులో ఉప్పెంతో, పులుపెంతో ఎవరికీ తెలీదు. అలాంటి దాన్ని తూచి పరీక్షించడం కుదరదు, ఇవాళ్టిది రేపు ఉండదు.

మిల్లు దగ్గరే కన్ను, ముక్కు, చెయ్యి

నేను తిన్న దెబ్బ ముందు చెప్పేస్తాను. ఓ ఆయిల్ మిల్లులో వేరుశనగ చెక్క మార్కెట్ ధరలో సగానికే ఇస్తామన్నారు. ముక్కల అంచుల్లో అక్కడక్కడా నల్లటి మరకలు. "వాన జల్లు పడిందండీ, ఎండలో వేస్తే పోతుంది" అన్నారు. ఎండలో వేశాను, మరకల పైపొడి పోయింది. మూడో వారానికి పిల్లల ఈకలు రేగిపోయి, బరువు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. చచ్చినవాటిని కోయిస్తే కార్జం ముదురు ఎరుపు పోయి పసుపు తిరిగి, ఉబ్బి ఉంది. బూజు చచ్చినా అది వదిలిన విషం ఎండకి పోదని అప్పుడు తెలిసింది. ఆ విషం పేరే అఫ్లాటాక్సిన్. అసలు ప్రపంచానికి దాని సంగతి తెలిసిందే 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినప్పుడు. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దాణాలో పడింది. నేను నా ఖర్చుతో మళ్లీ కనిపెట్టానన్నమాట.

అందుకే ఏ సరుకైనా బేరం ఆడే ముందు బస్తా మూతి విప్పించి, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టండి. వేడిగా తగిలితే లోపల మగ్గుతోందని అర్థం. గుప్పెట బిగించి వదలండి, ముద్ద కట్టి అలాగే నిలబడితే తేమ ఎక్కువ. తేమకి ఇంకో తేలికైన పరీక్ష: బాగా ఆరిన గాజు సీసాలో సరుకూ, పెనం మీద వేడిచేసి చల్లార్చిన పొడి ఉప్పూ వేసి రెండు మూడు నిమిషాలు ఊపండి. ఉప్పు ఉండకట్టి సీసా గోడకి అంటుకుంటే తేమ నిల్వకి పనికిరానంత ఉంది. నిల్వకి 11, 12 శాతం దాటకూడదు.

డీడీజీఎస్‌కి రంగే సాక్షి. లేత బంగారు రంగులో, రొట్టె, కల్లు కలిసినట్టు తియ్యటి పులుపు వాసనతో ఉంటే మంచిది. ముదురు గోధుమ రంగులోకి వెళ్లి, మాడిన బెల్లం వాసన వస్తుంటే ఆరబెట్టేటప్పుడు వేడెక్కువైందని. అప్పుడు మాంసకృత్తుల శాతం కాగితం మీద అలాగే ఉంటుంది, కానీ అందులోని లైసిన్ (మాంసకృత్తుల్లో కోడి పెరగడానికి తప్పనిసరైన భాగం) మాడిపోయి కోడికి అందదు. ల్యాబు రిపోర్టు కూడా పట్టుకోలేని లోపాన్ని ఇక్కడ ముక్కు పట్టుకుంటుంది. వెళ్లిన ప్రతిసారీ మంచి లోడులోంచి ఓ చిన్న సీసా నింపి తెచ్చుకుని, తర్వాతి లోడు రంగుని దాని పక్కన పెట్టి చూస్తాను.

తౌడైతే నోట్లో చిటికెడు వేసుకోండి. తియ్యగా ఉంటే తాజాది, గొంతులో కారంగా, చేదుగా గుచ్చుకుంటే నూనె కంపు పట్టేసింది. పచ్చి తౌడులో నూనె ఉంటుంది, మర ఆడిన గంట నుంచే అది పాడవడం మొదలవుతుంది. వారంలో వాడేసేంతే కొనండి, లేదా నూనె తీసిన తౌడు తీసుకోండి. కల్తీ చూడాలంటే గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కలిపి వదిలేయండి. ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుక్కి పోతుంది. మీకు నమ్మకమైన తౌడుని ఇంకో గ్లాసులో వేసి పక్కన పెడితేనే తేడా కనబడుతుంది.

మాంసకృత్తులు ఎక్కువ చూపించడానికి యూరియా కలిపే మహానుభావులూ ఉన్నారు. ల్యాబులో కొలిచేది నత్రజని, దాన్ని 6.25తో గుణించి మాంసకృత్తులంటారు, అందుకే ఈ తెలివి. నమూనాని నీళ్లలో కలిపి వడకట్టి, ఆ నీళ్లలో చిటికెడు పచ్చి సోయా పిండి వేసి గోరువెచ్చగా ఉంచండి. యూరియా ఉంటే కాసేపటికి అమ్మోనియా ఘాటు వస్తుంది, ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారుతుంది.

ల్యాబుకి ఏం పంపాలి, ఏం అడగాలి

ఒకే బస్తా పైనుంచి గుప్పెడు తీసి పంపితే ఆ గుప్పెడు సంగతే తెలుస్తుంది. పది బస్తాలుంటే పదింటిలోనూ పైన, మధ్యన, అడుగున చెయ్యి పెట్టి తీయండి. అంతా శుభ్రమైన పట్టా మీద కుప్పపోసి కలిపి, కుప్పని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేయండి. మిగిలిన రెండూ కలిపి మళ్లీ అలాగే. చివరికి కిలో మిగిలాక సగం ల్యాబుకి, సగం గాలి చొరబడని డబ్బాలో మీ దగ్గర. తేదీ, లోడు, అమ్మినవారు అని చీటీ రాసి లోపల వేయండి. రేపు గొడవొస్తే ఆ డబ్బానే మీ తరఫున మాట్లాడుతుంది.

రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు, తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి వెటర్నరీ కాలేజీల్లో పశు పోషణ విభాగాలున్నాయి. ముందే ఫోన్ చేసి ఏ పరీక్షలు చేస్తారో, రుసుమెంతో కనుక్కుని వెళ్లండి. విజయవాడ, హైదరాబాద్‌లలో ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. తేమ, మాంసకృత్తులు, పీచు, కొవ్వు, బూడిద, ఇసుక, ఈ ఆరూ ఏ సరుక్కైనా అడగాలి. డబ్బు మిగుల్చుకోవాలనిపిస్తే వాటిలో ఏదైనా తగ్గించండి గానీ వేరుశనగ చెక్కకీ, మొక్కజొన్నకీ, డీడీజీఎస్‌కీ అఫ్లాటాక్సిన్ పరీక్ష మాత్రం వదలొద్దు. కోళ్ల దాణాలో అఫ్లాటాక్సిన్ బీ1 20 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 20 భాగాలు) దాటకూడదన్నది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. డీడీజీఎస్ విషయంలో ఇది మరీ ముఖ్యం. గింజలో బూజు విషం ఉంటే పిండితో పాటు అది పోదు, మిగిలినదాంట్లో చిక్కబడుతుంది. మొక్కజొన్న డీడీజీఎస్‌లోనైతే అది దాదాపు మూడింతలవుతుంది. ఎండు చేపలకి ఉప్పూ, ఇసుకా అడగండి. పీచు 15 శాతం దాటిన సరుకు కోడిపిల్లలకి కడుపు నింపుతుందే తప్ప ఒంటికి పట్టదు.

రెండు దాణాలు, ఒకే ఒక్క తేడా

చాలామంది తప్పేది ఇక్కడే. ఉన్న దాణాలో పది కిలోలు తీసేసి, కొత్త సరుకు పది కిలోలు పోసి, కోళ్లు తగ్గాయని దాన్ని తిడతారు. మాంసకృత్తులు ఎంత తగ్గాయో చూడరు. అప్పుడు పరీక్షించింది కొత్త సరుకుని కాదు, తక్కువ మాంసకృత్తుల దాణాని.

ఆరు వారాలు దాటిన పిల్లలకి నేను కలిపేది వంద కిలోలకి ఇలా ఉంటుంది: మొక్కజొన్న 50, నూకలు 10, నూనె తీసిన తౌడు 12, సోయా చెక్క 24. మిగతా 4 కిలోల్లో డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), సున్నపు పొడి, ఉప్పు, విటమిన్ల మిశ్రమం వగైరా. మొక్కజొన్నలో 9 శాతం, నూకల్లో 8, తౌడులో 15, సోయాలో 46 అనుకుని గుణిస్తే 4.5, 0.8, 1.8, 11.04. మొత్తం 18.1 శాతం.

రైస్ డీడీజీఎస్‌లో 45 శాతం ఉందని రిపోర్టు వచ్చిందనుకోండి. సోయా 24లో 10 తీసి 14 చేసి, డీడీజీఎస్ 10 వేస్తే 6.44కి 4.5 కలిసి 10.94. దాణా మొత్తం 18 శాతం. కాగితం మీద రెండూ సమానమే. కానీ సోయాలో ఉన్నంత లైసిన్ డీడీజీఎస్‌లో ఉండదు. వంద కిలోలకి 150 నుంచి 200 గ్రాముల లైసిన్ పొడి విడిగా కలపాల్సొస్తుంది. దాని ఖర్చు కూడా డీడీజీఎస్ ఖాతాలోనే రాయాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

మునగాకు పొడిలాంటి 25 శాతం సరుకైతే కిలోకి కిలో మార్పు కుదరదు. సోయా తగ్గించినంత మాంసకృత్తులు రావాలంటే మొక్కజొన్న కూడా తగ్గించాలి, అప్పుడు శక్తి తగ్గుతుంది. అందుకే ఆకులు ఐదు శాతం దగ్గరే ఆగాలి.

రెండు దాణాలకీ మొక్కజొన్న ఒకే లోడుది, తౌడు ఒకే బస్తాది కావాలి. రెండూ ఒకే రోజు కలపాలి, మర ఒకటే, జల్లెడ ఒకటే. ముందు పాత దాణా కలిపి, తర్వాత కొత్తది కలపండి. ఒక పరీక్షలో ఒక్క సరుకే మార్చండి. డీడీజీఎస్సూ మునగాకూ కలిపి వేసేసి బాగుందంటే ఎవరి వల్ల బాగుందో ఎవరు చెప్పాలి?

ముందు ఐదు కోళ్లు, ఏడు రోజులు

పెద్ద పరీక్ష మొదలుపెట్టే ముందు, పోయినా మనసు కష్టపెట్టుకోని ఐదారు కోళ్లని విడిగా పెట్టి కొత్త దాణా వారం వేయండి. మొదటి రోజు రెండు తొట్లు పక్కపక్కన పెట్టండి, ఒకదాంట్లో పాతది, ఇంకోదాంట్లో కొత్తది. ముక్కుతో గీకి పారబోస్తున్నాయంటే రుచి నచ్చలేదు. మధ్యాహ్నానికి మెడ దగ్గరి మేత సంచి తడిమి చూడండి, మెత్తగా నిండి ఉండాలి. ఖాళీగా ఉంటే తినట్లేదు, గట్టిగా రాయిలా ఉంటే అరగట్లేదు. రెట్ట నీళ్లలా ఉన్నా, నీళ్లు మామూలు కంటే బాగా ఎక్కువ తాగుతున్నా ఉప్పు అనుమానించండి. ఇదంతా బాగుంటేనే ముందుకి.

చీటీలు, గదులు, తూకం

నలభై ఎనిమిది పిల్లలు, ఆరు గదులు, గదికి ఎనిమిది. మూడు గదులకి పాత దాణా, మూడింటికి కొత్తది. నాలుగడుగుల చదరం గది ఎనిమిదింటికి సరిపోతుంది, వెదురు తడికలూ, వలా చాలు. అంత కుదరకపోతే పదేసి చొప్పున నాలుగు గదులు. రెండే గదులు మాత్రం వద్దు. షెడ్డు తలుపు పక్క గదికి గాలి ఎక్కువ, గోడ వైపు దానికి ఎలుకల బెడద. రెండే ఉంటే గది తేడాని దాణా తేడా అనుకుంటాం.

పిల్లలన్నిటినీ తూచి బరువు వరసలో పెట్టండి. ఆరు వారాలకి జుట్టు చూస్తే పుంజులేవో పెట్టలేవో చాలావరకు తెలిసిపోతుంది, ప్రతి గదికీ పుంజులు సమానంగా వెళ్లాలి. పుంజులు వేగంగా పెరుగుతాయి కాబట్టి ఒక గదిలో రెండు ఎక్కువైనా లెక్క మారిపోతుంది. పుంజుల్ని విడిగా, పెట్టల్ని విడిగా, బరువుని బట్టి ఆరేసి చొప్పున గుంపులు చేసి, ఒక్కో గుంపులోంచి ఏది ఏ గదికో చీటీలు తీయండి. చివర్లో మిగిలినవాటిని గదుల మొత్తం బరువు సమానమయ్యేలా సర్దండి. ఏ గదికి ఏ దాణా అన్నదీ చీటీలతోనే.

మా పెద్దమ్మ ఇది చూసి, "కోళ్లకి చీటీలేంట్రా, ఏమన్నా చిట్టీ పాటా?" అంది.

"చేత్తో ఏరితే చురుకైన పిల్లలన్నీ కొత్త దాణా వైపే పోతున్నాయి పెద్దమ్మా, నా చెయ్యి నా మాట వినట్లేదు."

"అయితే నువ్వు తియ్యకు, నేను తీస్తా" అని కొంగు దోపుకుని కూర్చుంది. నిజానికి అదే సరైన పద్ధతి. కొత్త సరుకు మీద ఆశ లేనివాళ్ల చేత తీయించాలి.

కాలికి రంగు రింగులు వేయండి. కొక్కెర తెగులు టీకాలూ, నట్టల మందూ అన్ని గదులకీ ఒకే రోజు. టీకా వేసిన రెండు మూడు రోజులు పిల్లలు డల్‌గా ఉంటాయి కాబట్టి పరీక్ష మొదలయ్యే వారానికి ముందే అది ముగించండి. దాణా ఒక్కసారిగా మార్చొద్దు, వారం రోజుల్లో పావు, సగం, ముప్పావు అంటూ పూర్తిగా తేవాలి. పాత దాణా గదులకీ ఆ వారం అలవాటు వారమే. ఆ వారం అయ్యాక తూచిన బరువే మొదటి బరువు, అక్కడి నుంచి ఆరు వారాలు.

ప్రతి గదికీ మూతున్న బకెట్టు ఒకటి, మీద గది నంబరు పెద్దగా. వారం మొదట్లో తూచి నింపండి, ఆ గదికి ఆ బకెట్టులోంచే. వారం చివర బకెట్టులో మిగిలిందీ, తొట్లో మిగిలిందీ కలిపి తూచి తీసేస్తే తిన్నది వస్తుంది. తొట్టి మూడో వంతుకి మించి నింపకండి, నిండా పోస్తే సగం నేలపాలే. తొట్టి కింద గోనెపట్టా పరిచి రాలినదాన్ని రెట్ట, పొట్టు ఏరేసి ఆ మిగులుతో కలిపి తూచండి. దీన్ని వదిలేస్తే, కోడి తినని దాణా తిన్నట్టు లెక్కలోకొచ్చి పిండి మెత్తగా ఉన్న సరుకు మీద నింద పడుతుంది.

తూకం వారానికోసారి, ప్రతిసారీ అదే రోజు, అదే గంట, పొద్దున మేత వేయకముందు. నిండిన మేత సంచితో తూస్తే పిల్లకి యాభై గ్రాములు ఊరికే పెరిగినట్టు కనిపిస్తుంది. పది గ్రాముల తేడా కూడా చూపించే డిజిటల్ కాటా సరిపోతుంది. పిల్లని తలకిందులుగా గరాటులాంటి డబ్బాలో పెడితే కదలదు. మొదలుపెట్టే ముందు కాటా మీద కిలో ప్యాకెట్టు పెట్టి సరిచూసుకోండి. నోటుబుక్కులో తేదీ, గది, దాణా, మిగులు, బరువు, చావులు, ఇంకో గడి "ఇతరం". కరెంటు పోయింది, కుక్క వచ్చింది, వాన జల్లు కొట్టింది, ఇవన్నీ అందులో. ఏదైనా పిల్ల చస్తే ఆ రోజే తూచి బరువు రాయండి, ఆ గదిలో మిగిలిన దాణా కూడా అప్పుడే తూచండి.

ఎప్పుడు ఆపేయాలో కూడా మొదటే రాసి పెట్టుకోండి. కొత్త దాణా గదుల్లో వారంలో రెండు చచ్చినా, రెట్టలో రక్తం కనిపించినా, కాళ్లు పడిపోయినా, పాత దాణా గదుల్లో అవి లేకపోతే ఆ రోజే ఆపేయాలి. చచ్చిన పిల్లని ఐస్ మీద పెట్టి అదే పూట పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే లోపలి భాగాలు సరిగా చూడలేరు. రెండు రకాల గదుల్లోనూ రోగం కనిపిస్తే అది కొత్త సరుకు పని కాకపోవచ్చు.

లెక్క

కింది అంకెలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి, ధరలు మీ ఊరివి వేసుకోండి.

పాత దాణా గదిలో ఎనిమిది పిల్లలు మొదట్లో 5.2 కిలోలు, చివర్లో 11.6. పెరిగింది 6.4 కిలోలు, తిన్నది 21.1 కిలోలు. 21.1ని 6.4తో భాగిస్తే 3.30. దీన్నే ఎఫ్‌సీఆర్ అంటాం, కిలో బరువుకి ఎన్ని కిలోల దాణా పట్టిందని. కొత్త దాణా గదిలో 5.2 నుంచి 11.3కి, పెరిగింది 6.1, తిన్నది 21.0. ఎఫ్‌సీఆర్ 3.44. మధ్యలో చచ్చిన పిల్ల పెరిగిన బరువు కూడా కలపాలి, అది తిన్న దాణా లెక్కలో ఉంది కాబట్టి.

పాత దాణా కిలో 36 రూపాయలు. డీడీజీఎస్ సోయా కంటే కిలోకి 20 రూపాయలు తక్కువ అనుకుంటే, పది కిలోలకి 200 మిగిలింది. లైసిన్‌కి 30 పోయింది. వంద కిలోలకి 170, అంటే కొత్త దాణా కిలో 34.30. కిలోకి రూపాయి డెబ్బై పైసలు ఆదా అని ఇక్కడే పండగ చేసుకుంటాం.

ఇప్పుడు గుణించండి. 3.30ని 36తో గుణిస్తే 118.80. 3.44ని 34.30తో గుణిస్తే 117.99. కిలో కోడి తయారవడానికి మిగిలింది ఎనభై పైసలు. దాణా బస్తా మీద కనిపించిన ఆదాలో చాలాభాగం కోడి కడుపులోనే కరిగిపోయింది. పైగా పిల్ల సగటున నలభై గ్రాములు తక్కువ తూగింది, అదే బరువుకి అమ్మాలంటే ఇంకో రెండు మూడు రోజులు మేపాలి.

ఇంకో రకంగా చూస్తే, 118.80ని 34.30తో భాగిస్తే 3.46 వస్తుంది. కొత్త దాణా ఎఫ్‌సీఆర్ ఆ గీత దాటితే నష్టం. ఈ అంకెని పరీక్ష మొదలయ్యాక రెండో వారంలోనే వేసి గోడ మీద రాసుకుంటాను, ప్రతి తూకానికీ ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

మూడేసి గదులు ఎందుకు పెట్టామో ఇప్పుడు తెలుస్తుంది. పాత దాణా గదులు 3.22, 3.30, 3.38, కొత్తవి 3.35, 3.44, 3.53 వచ్చాయనుకోండి. పాతదాంట్లో అన్నిటికంటే వెనకబడ్డ గది కంటే కొత్తదాంట్లో ముందున్న గదే మెరుగ్గా ఉంది. ఇలా ఒకదాంట్లోకి ఒకటి జొరబడితే తేడా దాణాదో గదిదో గట్టిగా చెప్పలేం, ఇంకో బ్యాచ్ మీద మళ్లీ చేయాలి. మూడుకి మూడూ ఒకవైపే నిలిచి, మధ్యలో ఖాళీ కనిపిస్తే నమ్మొచ్చు.

గుడ్లు పెట్టేవాటి మీదైతే కనీసం ఎనిమిది వారాలు పట్టాలి. దాణా మార్పు ప్రభావం గుడ్ల మీద వెంటనే కనిపించదు, కోడి ఒంట్లో దాచుకున్నది ఖర్చయ్యే దాకా పాత లెక్కనే పెడుతుంది. డజను గుడ్లకి ఎంత దాణా పట్టిందో చూడండి, గుడ్ల బరువు కూడా వారానికోసారి. పెంకు పల్చబడితే సున్నపు పొడి సంగతి చూడాలి.

రుచి సంగతీ మర్చిపోవద్దు. ఎండు చేపలు, ప్యూపా ఎక్కువైతే మాంసానికీ గుడ్డుకీ నీచు వాసన పడుతుంది. రెండు రకాల గుడ్లూ ఉడకబెట్టి, పెంకు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఒలిచాక ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్లకి పెట్టండి. మా ఇంట్లో ప్యూపా గుడ్డుని మొదటి ముక్కకే పట్టేసింది పెద్దమ్మే. అలాంటి సరుకు వాడుతుంటే అమ్మడానికి రెండు వారాల ముందు ఆపేయాలి.

పరీక్ష బాగా వచ్చినా మందంతటికీ ఒకేసారి మార్చకండి. మొదటి నెల ఐదు శాతం, తర్వాత పది. కొత్త లోడు దిగిన ప్రతిసారీ సీసా పక్కన పెట్టి రంగు చూడండి, వాసన చూడండి, కిలో తీసి డబ్బాలో వేసి చీటీ పెట్టండి. ఫ్యాక్టరీ వాళ్లు నూకల నుంచి మొక్కజొన్నకి మారిపోతే బస్తా మీద పేరు అదే ఉంటుంది, లోపల మాంసకృత్తులు మాత్రం 45 నుంచి 30 శాతం లోపుకి దిగిపోతాయి. అప్పుడు మీ దాణా లెక్కా, మీరు చేసిన పరీక్షా రెండూ వేరే సరుకువి అయిపోతాయి.